ఇద్దరికీ ఒక్క పోస్టు

ఆగస్టు 29, 2011. సోమవారం

పార్థసారథి గారు మా ఇద్దర్నీ ఒకేసారి పిలిచారు. విడివిడిగా పిలిచి ఉంటే బాగుండేది. ఒకరి మొహం ఒకరు చూడాల్సిన పని తప్పేది.

డైరెక్టరు గదిలో ఏసీ ఎప్పుడూ ఎక్కువే. మొగిలన్న చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పార్థసారథి గారు కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పారు.

"మీ ఫెలోషిప్ ఇచ్చే ట్రస్టువాళ్ళు మొత్తానికి ఒప్పుకున్నారమ్మా. దళితుల్లోంచీ ఆదివాసీల్లోంచీ వైద్య పరిశోధనలోకి వచ్చిన పిల్లలు ఫెలోషిప్ అయిపోగానే ఇంటికి పోవడం కాదండీ, ఇక్కడే ఫ్యాకల్టీగా నిలబడాలి అని నేను రెండేళ్ళుగా వాళ్ళ వెంట పడుతున్నాను. జనవరి నుంచి జీతం వాళ్ళే ఇస్తారు."

"ఎన్ని పోస్టులు సార్?" అన్నాడు మొగిలన్న.

"ఒకటి."

బయటికొచ్చి గేటు ముందు టీ తాగాం. అక్కడి నుంచి చూస్తే గోపన్‌పల్లి వైపు కడుతున్న టవర్ల క్రేన్లు కనిపిస్తాయి. మొగిలన్న గ్లాసు తిప్పుతూ నవ్వాడు.

"ఏంది అశ్వినీ, సారు మనిద్దర్ని కుస్తీకి దింపిండా?"

"నాకు కుస్తీ రాదన్నా."

"నాకొస్తదా? మా అన్నకొస్తది. బొగ్గుబాయిల పనిజేసేటోడు."

ఇద్దరం ఒకే రోజు చేరాం. ఆయనది భూపాలపల్లి, నాది కదిరి. మా ఇద్దరికీ కలిపి స్టోర్ రూమ్ ఖాళీ చేసి ఒక గది ఇచ్చారు. అందులో ఒక డీప్ ఫ్రీజర్, రెండు బల్లలు. మూడేళ్ళుగా ఒకే పని. ఇప్పుడు ఆ పనిని రెండు ముక్కలు చేసి ఏ ముక్క పెద్దదో చూస్తారు కాబోలు.

ఆగస్టు 31, బుధవారం

ఆ పోస్టు నాకంత ముఖ్యమేమీ కాదు. డిసెంబరుతో ఫెలోషిప్ అయిపోతే ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి దొరుకుతుంది.

సెప్టెంబర్ 4, ఆదివారం

గోపన్‌పల్లి కూలీల క్యాంపులో చివరి విడత రక్తం తీశాం. రేకుల షెడ్లు, పైన నీలం టార్పాలిన్లు. ఆడవాళ్ళంతా పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు. పొద్దున సైటుకి వెళ్తే చీకటి పడేదాకా నీళ్ళు తాగరు. తాగితే పోవడానికి చోటు లేదు. అద్దాల మేడ కట్టే చోట వెయ్యి మంది మగాళ్ళ మధ్య ఆడమనిషి ఎక్కడికి పోతుంది? అందుకని దాహం చంపుకుంటారు. అలా ఏళ్ళ తరబడి ఉంటే కిడ్నీలకు ఏమవుతుందన్నదే మా పరిశోధన.

ఈ ఆలోచన మీకెలా వచ్చిందని ట్రస్టువాళ్ళు మొదటి సంవత్సరం అడిగారు. పుస్తకాల్లో చదివానని చెప్పాను. మా అమ్మ కదిరిలో రోడ్డు పనికి పోయేది. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక చెంబు. ఆమెకి కిడ్నీ పాడైందని డాక్టరు చెప్పిన రోజు నేను బీఎస్సీ మొదటి సంవత్సరం. అది ఇంగ్లీషులో, ట్రస్టువాళ్ళ హాల్లో చెప్పే మాట కాదు.

మొగిలన్న మాట్లాడితే ఆ ఆడవాళ్ళు చేయి చాపుతారు. నేను మాట్లాడితే యాసకి నవ్వుతారు. ఈరోజు ఒకామె అడిగింది, "ఈమె ఆంధ్రామెనా అన్నా?" అని.

"సీమామె," అన్నాడు మొగిలన్న.

"గదే, ఆంధ్రానే గద!"

సంస్థలో నేను కోటా మనిషిని. ఇక్కడ ఆంధ్రా మనిషిని. ఎండకి తల పగిలిపోతోంది.

సెప్టెంబర్ 12, సోమవారం

ఫోటో తీశారు. ట్రస్టు వార్షిక పుస్తకానికట. ఎప్పుడూ వేసుకోని తెల్లకోటు తొడిగించారు. మైక్రోస్కోపు కూడా మాది కాదు, పక్క ల్యాబుది.

చెల్లెలు నవ్యకి చెబితే మండిపడింది. "అక్కా, ఆ పుస్తకం యాడేడికి పోతుందో తెలుసా నీకు? మా ఆఫీసులో నా కులం ఎవరికీ తెలీదు. ఇంటిపేరు చూసి అడిగితే తిప్పి చెప్తాండాను. నీ ఫోటో కింద అంతా రాస్తే నేనేం చెప్పేది?"

హైటెక్ సిటీలో దాని ఆఫీసు, కొత్తగూడలో మా ఇద్దరి అద్దె ఇల్లు. మధ్య దూరం ఎంతని? అది అన్నం తినకుండా పడుకుంది.

సెప్టెంబర్ 14, బుధవారం

నిన్నటి నుంచి సకల జనుల సమ్మె. సింగరేణిలో బొగ్గు ఆగిపోయింది. మొగిలన్న వాళ్ళ అన్న కూడా దిగాడట. ఈయన మధ్యాహ్నం వరకు ల్యాబులో ఉండి, తర్వాత సమ్మె శిబిరానికి వెళ్తున్నాడు.

కరెంటు కోతలు మొదలవుతాయంటున్నారు. శాంపిళ్ళున్న మా గది జనరేటర్ లైన్ మీద లేదు. ఇద్దరం ఆఫీసుకి వెళ్ళి పద్దులు చూసే రామ్మోహనరావు గారికి చెప్పాం. చూద్దాం అన్నారు. పోయిన వేసవిలో కూడా చూద్దామనే అన్నారు.

సెప్టెంబర్ 20, మంగళవారం

బస్సులు లేవు. ఆటోలు నోటికొచ్చినంత అడుగుతున్నాయి. కొత్తగూడ నుంచి నడిచే వెళ్ళాను. కరెంటు పొద్దున పోయింది, మధ్యాహ్నం మళ్ళీ పోయింది. మూత తీయకపోతే ఫ్రీజర్ కొన్ని గంటలు ఆగుతుంది. కానీ కరెంటు తిరిగి వచ్చినప్పుడల్లా గోడకున్న బ్రేకర్ మీట టక్కున కింద పడుతోంది. ఎవరో ఒకరు వెళ్ళి పైకి లేపాలి.

రామ్మోహనరావు గారిని మళ్ళీ అడిగాను.

"ఫెలోషిప్ నిధిలో స్టైపెండు ఉంది, కెమికల్సు ఉన్నాయి, ప్రయాణాలు ఉన్నాయి. వైరింగుకి పద్దు లేదండీ. నేనేం చేసేది?"

"సంస్థ నిధిలోంచి చేయించండి సార్."

"అది సంస్థ గది కాదు కదమ్మా. ఫెలోషిప్ గది."

మొగిలన్న తిరిగొస్తూ అన్నాడు, "మా అన్న బొగ్గు తీయకపాయె, నా ఫ్రీజర్ ఆగవట్టె. ఎవర్ని తిట్టాలె చెప్పు?"

నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేదు.

సెప్టెంబర్ 23, శుక్రవారం

బోర్డు మీద ఈ వారం ఫ్రీజర్ డ్యూటీ మొగిలన్నది. రేపటి నుంచి రైల్ రోకో. దారులు మూసుకోకముందే భూపాలపల్లి వెళ్ళాలంటాడు. వాళ్ళ అన్న దీక్షలో కూర్చున్నాడు, ఒంట్లో బాగాలేదట. సాయంత్రం ఫోన్ చేశాడు.

"పోవాల్నా వద్దా తెలుస్తలేదు అశ్వినీ. శాంపిళ్ళ ఫికరున్నది."

"వెళ్ళన్నా. నేను చూసుకుంటాను కదా."

"ఆదివారం గూడ పోవాల్సొస్తది."

"వెళ్తాను. నువ్వు మీ అన్నని చూసుకో."

సెప్టెంబర్ 24, శనివారం

మధ్యాహ్నం ఫ్రీజర్ చూసి ఇంటికి నడిచొచ్చాను. బాగానే ఉంది. కాళ్ళు వాచాయి. సాయంత్రం ఇక్కడ కూడా కరెంటు పోయింది.

సెప్టెంబర్ 25, ఆదివారం

ఒళ్ళంతా నొప్పులు. నవ్య ఫ్రెండు స్కూటీ అడిగి తెచ్చి తీసుకెళ్ళమంది. పడుకున్నాను.

సెప్టెంబర్ 26, సోమవారం

తలుపు తీయగానే తెలిసిపోయింది. గదిలో ఆ గుయ్యిమనే మోత లేదు.

బ్రేకర్ కింద పడి ఉంది. శనివారం కరెంటు తిరిగొచ్చినప్పుడే పడి ఉంటుంది. ఫ్రీజర్ కింద నీళ్ళు మడుగు కట్టాయి. మూత తెరిస్తే లోపల చల్లదనం కూడా లేదు. ట్రేల నిండా చిన్న ట్యూబులు, వాటిలో గడ్డి రంగు సీరం కదులుతోంది. గడ్డకట్టి రాయిలా ఉండాల్సింది నీళ్ళలా ఊగుతోంది. అంటించిన చీటీలు ఊడి ఒకదాని మీదికొకటి జారాయి. కొన్నిట్లో పైన తెల్లగా ఏదో తేలుతోంది.

మొదట నేను చేసిన పని బ్రేకర్ పైకి లేపడం. వెంటనే ఫ్రీజర్ గుయ్యిమంది. అంతే. ఒక వేలితో అయ్యే పని.

పక్క ల్యాబుల్లో ఏమీ కాలేదు. జనరేటర్ మీద అన్నీ చల్లగా ఉన్నాయి.

వీలైనన్ని ట్యూబులు ఐసు డబ్బాల్లో సర్దుకుని పక్క ల్యాబుకి మోసుకెళ్ళాను. వాటిల్లో ఎన్ని పనికొస్తాయో తెలియదు. సగానికి పైగా పోయినట్టే. ఆ క్యాంపులో చేయి చాపిన ప్రతి మనిషీ గుర్తొచ్చింది. సూది అంటే భయపడి కళ్ళు మూసుకున్నామె, పని ఆలస్యమవుతుందని మేస్త్రీ అరుస్తున్నా ఆగినామె.

మొగిలన్న ఇక్కడ ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు.

సెప్టెంబర్ 27, మంగళవారం

పార్థసారథి గారు గదిలోకి వచ్చి నిలబడి చూశారు. డ్యూటీ బోర్డు దగ్గర ఆగారు. తర్వాత తన గదికి రమ్మన్నారు.

"వచ్చే నెల పద్నాలుగున ట్రస్టు సమీక్ష ఉందమ్మా. ట్రస్టు చైర్మన్ సోమేశ్వరరావు గారే స్వయంగా వస్తున్నారు. ఏం చెప్పాలి ఆయనకి?"

"జనరేటర్ లైన్ గురించి అడిగాం సార్."

"ఆ లైన్ ఎలాగూ వస్తుంది. డ్యూటీ ఎవరిది?"

బోర్డు ఆయనే చూసి వచ్చారు కదా.

"మొగిలిది సార్."

"ఎక్కడున్నాడు?"

"ఊళ్ళో."

ఆయన తల పట్టుకున్నారు. "ఉద్యమం తప్పని నేననను. ఎవరి మనసు వాళ్ళది. కానీ డ్యూటీ వదిలేసి వెళ్ళినవాడికి ఫ్యాకల్టీ పోస్టు ఇవ్వమని నేనేమని అడగనమ్మా?"

నేను అడిగినదానికే జవాబు చెప్పాను. అబద్ధమేమీ ఆడలేదు.

సెప్టెంబర్ 29, గురువారం

మొగిలన్న వెళ్ళకుండా ఉండాల్సింది. దీక్షలో వాళ్ళ అన్న ఒక్కడే లేడు కదా.

అక్టోబర్ 1, శనివారం

వచ్చాడు. లారీలు పట్టుకుని, కొంత నడిచి వచ్చాడట. గడ్డం పెరిగింది. ఫ్రీజర్ ముందు గొంతుక్కూర్చుని ట్రేలు ఒక్కొక్కటే బయటికి తీసి చూశాడు. ఊడిపోయిన చీటీల్ని వేలితో సాపు చేశాడు.

నాకు జ్వరం వచ్చిందని చెప్పాను. జ్వరం కాదు, ఒళ్ళు నొప్పులు. ఆ రెండింటికీ పెద్ద తేడా ఏముంది?

"నువ్వు నడుసుకుంట వస్తున్నవ్ గదా రోజూ," అన్నాడు. "పరేషాన్ గాకు. ఎన్ని మిగిలినయో చూద్దాం పా."

ఒక్క మాట తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

అక్టోబర్ 4, మంగళవారం

మా ఇంటి కింద ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు. నవ్య వెళ్ళి చప్పట్లు కొట్టి వచ్చింది. నేను దిగలేదు.

అక్టోబర్ 10, సోమవారం

పార్థసారథి గారు మళ్ళీ పిలిచారు. సమీక్షలో నేను ఏం చెప్పాలో నెమ్మదిగా చెప్పారు. డ్యూటీ మొగిలిది, మొగిలి లేడు, నష్టం జరిగింది, మిగిలినవి నేను కాపాడాను.

"ఇందులో నిజం కానిది ఒక్కటీ లేదు కదమ్మా?"

లేదు. ఒక్కో మాట విడిగా తీసి చూస్తే అన్నీ నిజాలే.

"ఆ పోస్టు నీకొస్తే ఈ సంస్థలో ఫ్యాకల్టీ గదిలో కూర్చున్న మొదటి దళిత మహిళవి నువ్వే అవుతావు. అది చిన్న విషయం కాదు."

కాదు, నిజమే. నేను పాఠం చెబుతుంటే ముందు వరసలో కదిరి నుంచో గుంతకల్లు నుంచో వచ్చిన పిల్ల కూర్చుని ఉంటుంది. మా అమ్మకి చెబితే ఏమంటుందో కూడా ఊహించుకున్నాను. ఆ పోస్టు నాకంత ముఖ్యం కాదని ఆగస్టులో ఎందుకు రాశానో తెలియదు.

అక్టోబర్ 12, బుధవారం

నవ్యతో గొడవ.

సమీక్షలో ఏం చెప్పబోతున్నానో దానికి చెప్పాను. ఎందుకు చెప్పానో! కూరగాయలు తరుగుతున్నది ఆగిపోయింది.

"ఆయన్నని పొమ్మనింది నువ్వే కదక్కా."

"ఎవరు చెప్పారు?"

"ఫోన్లో నువ్వు మాట్లాడతాంటే నేను ఈడనే ఉన్నా. 'నేను చూసుకుంటాను కదా, నువ్వు మీ అన్నని చూసుకో' అన్లేదా? ఆదివారం స్కూటీ తాళాలు నీ మంచం మీద పెట్టి పోయినా. అట్లనే ఉన్న్యాయి, నేను వచ్చేసరికి."

"నీకేం తెలుసు? నీ ఆఫీసుకి క్యాబు వస్తుంది. నేను నడిచి చచ్చాను."

"నడిచినావులే. ఆయన్న పోస్టు తీసుకునేదానికి మాత్రం ఓపిక వచ్చె."

ఆ తర్వాత నేను కూడా అనకూడని మాట అన్నాను, దాని ఆఫీసు గురించి, అక్కడ అది దాచుకునే సంగతి గురించి. అది ఏడవలేదు. తరిగిన బెండకాయలన్నీ గిన్నెలో వేసి స్టవ్ వెలిగించింది.

దానికేం తెలుసు?

అక్టోబర్ 14, శుక్రవారం

మధ్యాహ్నమే అయిపోయింది. మొత్తం రాసుకోవాలి.

కాన్ఫరెన్సు హాలు. బల్లకి అటువైపు సోమేశ్వరరావు గారు, పార్థసారథి గారు, రామ్మోహనరావు గారు. ఇటువైపు మేమిద్దరం. సోమేశ్వరరావు గారు పెద్దాయన, తక్కువ మాట్లాడతారు. మూడేళ్ళ పని గురించి మొగిలన్నే చెప్పాడు, బాగా చెప్పాడు. నీళ్ళు తాగని ఆడవాళ్ళ గురించి చెప్పేటప్పుడు ఇంగ్లీషు వదిలేసి తెలుగులోకి వచ్చేశాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

తర్వాత శాంపిళ్ళ సంగతి వచ్చింది.

"దురదృష్టం సార్," అన్నారు పార్థసారథి గారు. "సమ్మె రోజులు. బాధ్యత ఉన్న వ్యక్తి ఆ సమయంలో లేడు."

సోమేశ్వరరావు గారు మొగిలన్న వైపు చూశారు.

"మీరేనా?"

"నేనే సార్," మొగిలన్న లేచి నిలబడ్డాడు. "బోర్డు మీద నా పేరే ఉన్నది. నేను భూపాలపల్లి పోయిన. మా అన్న దీక్షల ఉండె. అండ్ల నాకు సిగ్గేం లేదు సార్, తెలంగాణ కోసం కూసున్నడు. కానీ శాంపిళ్ళు పోయినయి. అది నా మీదనే పెట్టుకుంట."

ఇప్పుడు చెబుతాడనుకున్నాను, అశ్విని వెళ్ళమంది, అశ్విని చూసుకుంటానంది అని. చెబితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఒంట్లో బాగాలేదు సార్, బస్సులు లేవు సార్. వేచి చూశాను. ఆయన కూర్చున్నాడు. నా వైపు చూడను కూడా లేదు.

"అశ్వినీ, నువ్వేమైనా చెబుతావామ్మా?" అన్నారు పార్థసారథి గారు. ఆయన గొంతులో ఎంత దయ ఉందో!

ఏమీ లేదు సార్ అందామనే నోరు తెరిచాను.

"ఆయన్ని వెళ్ళమన్నది నేను సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను చూసుకుంటానని మాటిచ్చాను. ఆదివారం రాలేదు. రాగలిగి ఉండీ రాలేదు. బ్రేకర్ పైకి లేపితే చాలు, అంతా నిలిచేది. జనరేటర్ లైన్ కావాలని పోయిన వేసవి నుంచి అడుగుతున్నాం. అది కూడా నిజమే. కానీ ఆదివారం రాకపోవడం నా తప్పు."

రామ్మోహనరావు గారు పద్దుల సంగతి ఏదో మొదలుపెట్టారు. సోమేశ్వరరావు గారు చేయెత్తి ఆపి, "ఆ గది చూడవచ్చా?" అన్నారు.

అందరం నడిచాం. కారిడార్ చివర, మెట్ల కింద, మా గది. ఆయన లోపలికి వచ్చి ఒకసారి చుట్టూ చూశారు. గోడ మీద ఇంకా 'స్టోర్' అన్న అక్షరాలు ఉన్నాయి, సున్నం కింద నుంచి కనపడుతూ. ఫ్రీజర్ మీద చేయి పెట్టారు. బ్రేకర్ చూశారు. "ఇక్కడేనా మూడేళ్ళు?" అని మాత్రం అడిగారు.

ఆయన కారెక్కాక పార్థసారథి గారు నన్ను పక్కకి పిలిచారు. కోపంగా లేరు. అలసిపోయి ఉన్నారు, నాకంటే ఎక్కువ.

"నన్ను దోషిలా నిలబెట్టావమ్మా. పోనీ. ఇప్పుడు వాళ్ళు నిధి ఆపేస్తే? వచ్చే సంవత్సరం రావాల్సిన పిల్లలు ముగ్గురున్నారు. వాళ్ళకేం చెబుదాం? అది ఆలోచించావా?"

ఆలోచించలేదు.

మొగిలన్న గేటు దగ్గర ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళేసరికి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎందుకు జెప్పినవ్?"

"నిజం కాబట్టి."

"నిజం ఇన్నొద్దుల నుంచి నీ తాననే ఉన్నది గద అశ్వినీ."

నడిచి వెళ్ళిపోయాడు. నేను ఆయన వెనక వెళ్ళలేదు.

అక్టోబర్ 15, శనివారం

నవ్య చపాతీలు చేసి నా కంచంలో పెట్టింది. ఇద్దరం కలిసి తిన్నాం.

అక్టోబర్ 25, మంగళవారం

సమ్మె ముగిసింది. మధ్యాహ్నం మొగిలన్నని నేనే అడిగాను, మీ అన్న ఎలా ఉన్నాడని.

"మల్ల బాయిలకు దిగిండు. జీతం లేక ఇల్లంత ఆగమాగమున్నది. తెలంగాణ రాలె. ఇగ ఏం జేస్తం, పని జేస్తం."

సమీక్ష తర్వాత ఈ పదకొండు రోజుల్లో నాతో అన్న అతి పెద్ద మాట ఇది.

ఎలక్ట్రీషియన్ వచ్చి గోడకి రంధ్రాలు పెడుతున్నాడు. జనరేటర్ లైన్ వస్తోంది. పాడైపోయిన వాటి కోసం.

నవంబర్ 18, శుక్రవారం

ట్రస్టు నిర్ణయం వచ్చింది. నిధి ఇంకో ఏడాది ఉంటుంది, కొత్త పిల్లలు వస్తారు. పోస్టు మొగిలన్నకి. రక్తం మళ్ళీ సేకరించడానికి నా ఫెలోషిప్ ఆరు నెలలు పొడిగించారు.

మంచిదే. సంతోషంగా ఉంది.

నవంబర్ 19, శనివారం

సంతోషంగా ఉందని నిన్న రాశాను. సాయంత్రమంతా బట్టలు ఉతికాను. శుభ్రంగా ఉన్నవి కూడా.

నవంబర్ 22, మంగళవారం

క్యాంటీన్‌లో వెనక బల్ల మీద పక్క ల్యాబువాళ్ళు మాట్లాడుకుంటున్నారు. "లోకల్ కదా, ఇవ్వకపోతే వచ్చి అద్దాలు పగలగొడతారని భయపడి ఇచ్చారు." ఇంకొకడు, "ఏదైతేనేం, వాళ్ళలో వాళ్ళకే కదా."

మొగిలన్న నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. విన్నాడు. అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"నాకొచ్చుంటే ఏమనేవాళ్ళో తెలుసా అన్నా?" అన్నాను.

"ఏమంటుండె?"

"ఆడది కదా, ఫోటోకి బాగుంటుందని ఇచ్చారనేవాళ్ళు."

తలెత్తి నన్ను చూశాడు. సమీక్ష తర్వాత మొదటిసారి సూటిగా చూశాడు.

"నాకు మస్తు కోపమొచ్చింది అశ్వినీ," అన్నాడు నెమ్మదిగా. "నువ్వు రాలేదని గాదు. నడిచి నడిచి పడిపోయినవ్, అది నాకెర్కనే. జ్వరమన్నవ్ సూడు, అండ్లకెళ్ళి కోపమొచ్చింది. నాకు అబద్ధం జెప్పే అవసరం నీకెందుకు వడ్డది?"

"పోస్టు కోసం."

"నాక్కూడ కావాల్నని ఉండె. రాత్రులు నిద్ర పట్టలె. నువ్వు ఫెయిల్ గావాల్నని గూడ ఒక్కసారి అనుకున్న. ఇగ చెప్పు."

మజ్జిగ వేసుకుని తిన్నాం.

"మన పరిశోధన పేపర్ల నీ పేరే ముందు పెడ్త," అన్నాడు లేస్తూ.

"పని చూసి పెట్టు. జాలిపడి పెట్టకు."

"పని సూసే అంటున్న."

నవంబర్ 30, బుధవారం

వార్షిక పుస్తకం ముద్రణకి వెళ్తోందట. నా ఫోటో తీసేయమని అడిగాను. ఫోటో లేకపోతే ట్రస్టు ఊరుకోదన్నారు. మా గది ఫోటో వేసుకోమన్నాను.

నవ్యకి ఫోన్లో చెప్పాను. "సరేలే అక్కా," అంది. మళ్ళీ తనే, "నా కోసమే తీసేయమంటే మాత్రం వద్దు," అంది. దాని గొంతు బాగానే ఉంది.

డిసెంబర్ 11, ఆదివారం

గోపన్‌పల్లి.

టవరు పూర్తయిందని చాలామందిని వేరే సైటుకి తోలారు. పాతవాళ్ళు కొందరే మిగిలారు. చలి. మొగిలన్న కొత్త ఉద్యోగం కాగితాలు చేతికొచ్చాయి, జనవరిలో చేరతాడు. ఈరోజు మాత్రం దూది డబ్బా ఆయన పట్టుకున్నాడు, సూదులు నేను.

మొదటి షెడ్డులో ఉన్నది పోయినసారి నన్ను ఆంధ్రామెనా అని అడిగినావిడే. పొయ్యి మీద గిన్నె పెట్టి ఉంది. మమ్మల్ని చూడగానే లేచింది.

"మల్ల నెత్తురా? ముందుగాల తీస్కపోయింది ఏమైంది?"

మొగిలన్న ఏదో చెప్పబోయాడు. నేను ఆపాను.

"పాడైపోయిందమ్మా. దాన్ని చల్లగా ఉంచాలి. కరెంటు పోయిన రోజు చూసుకోవాల్సింది నేను. చూసుకోలేదు."

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది.

"అంతా పాయెనా?"

"చాలా వరకు పోయింది. నీది కూడా."

"నువ్వు నిజం జెప్పినవ్ గానీ, నేనియ్య బిడ్డా. నాకు నెత్తురు పుక్కటికి వస్తదా? దినమంత ఇటుకలు మోయాలె. ఇంకోలని అడుగు పో."

టార్పాలిన్ దించేసింది.

రోజంతా అదే జరుగుతుందేమో అనిపించింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? ఆమె ఇచ్చింది, మేము పారబోశాం. ఇంటికి పోదామన్న మాట నోటిదాకా వచ్చింది.

"నడువ్," అన్నాడు మొగిలన్న. "నువ్వే మాట్లాడు. అట్లనే జెప్పు, ఇప్పుడు జెప్పినట్టు."

"ఎవరూ ఇవ్వకపోతే?"

"ఇయ్యకపోతే ఇయ్యరు. అడుగుడైతే అడగాలె గద."

పక్క షెడ్డు ముందుకి వెళ్ళి నిలబడ్డాం. లోపల ఎవరో పసిపిల్లని జోకొడుతున్నారు. తలుపు లేదు, గోనెపట్టా వేలాడుతోంది. మొగిలన్న రేకు మీద వేళ్ళతో కొట్టాడు.

"ఎవరూ?" అంది లోపలి గొంతు.

మొగిలన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను నా పేరు చెప్పాను.